గుర్రపు తోలు కోటు

మా పక్కింటి పెద్దావిడ నిన్న వాళ్ళ నాన్నగారి జాకెట్ తెచ్చి చూపించింది. ఆయన రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ నడిపారట. ఏ-2 రకం. 1931లో అమెరికా సైన్యపు వైమానిక దళంలోకి వచ్చింది, ఎక్కువగా గుర్రపు తోలుతో కుట్టేవారు. 1943లో జనరల్ ఆర్నాల్డ్ కొత్త ఆర్డర్లు ఆపించి గుడ్డ జాకెట్లకి మారమన్నాడు.

తోలు ఇంకా గట్టిగానే ఉంది. ముందు పోయింది ఉన్ని అల్లికే. నడుము దగ్గరా, మణికట్ల దగ్గరా పురుగు కొట్టేసింది. భుజాల మీద పగుళ్ళు. ఇన్నేళ్ళూ సన్నటి ఇనప హ్యాంగర్‌కి వేలాడితే మరి!

"నూనె పట్టించమంటావా?" అందావిడ. మా తాతయ్య కిర్రు చెప్పులకి ఆముదం రాయడం గుర్తొచ్చి సరేననబోయాను. కానీ అవి రోజూ తొడిగే చెప్పులు. పాత తోలులోకి దిగిన నూనె మళ్ళీ బయటికి రాదు. దుమ్ము పడుతుంది, రంగు నల్లబడుతుంది. మ్యూజియం వాళ్ళు అందుకే దాని జోలికి పోరు. మన తంగేడు చెక్కలాంటి బెరడుతో ఊనిన తోలుకైతే ఇంకో గండం: గాలిలోని గంధకపు పొగ పీల్చి, ఎర్రటి పొడిలా రాలుతుంది. అది మొదలైతే వెనక్కి తేలేం.

ప్లాస్టిక్ సంచీ తీసేసి, చేతుల్లో ఆమ్లం లేని కాగితం కూరి, పెట్టెలో పడుకోబెట్టమన్నాను. అటక మీద వద్దు, బేస్‌మెంట్‌లోనూ వద్దు.

ఆవిడ తలూపి, జాకెట్ ఒక్కసారి తొడుక్కుంది. పగుళ్ళు పెరుగుతాయి, వద్దనాలి. అనలేదు.