ఐజక్ బీ ఏ కాలపు మనిషి?

“ఆ కాలపు మనుషులను ఆ కాలపు కొలబద్దతోనే కొలవాలి.” చరిత్ర బోధించే మిత్రుల నోట ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. వినడానికిది మహా శాస్త్రీయంగా ఉంటుంది. కాని ఆచరణలో ఇది చరిత్రను అర్థం చేసుకొనడానికి కాక, పెద్దమనుషులను విచారణ నుండి తప్పించడానికే పనికివస్తున్నది. దొరలను గూర్చి తప్ప, కూలీని గూర్చి గాని బానిసను గూర్చి గాని ఈ సూత్రాన్ని ఎవరైనా ప్రయోగించగా నేను వినలేదు.

గత వేసవిలో అమెరికా తొలినాటి చరిత్ర స్థలాలను చూచే ఉపాధ్యాయుల అధ్యయన యాత్రలో నేనూ పాల్గొన్నాను. వర్జీనియాలో జేమ్స్‌టౌన్, విలియమ్స్‌బర్గ్, యార్క్‌టౌన్, మాంటిసెల్లో, మౌంట్ వెర్నన్, చివరకు ఫిలడెల్ఫియా. నాతోపాటు వచ్చిన ఒక తెలుగు ఉపాధ్యాయ మిత్రులు ప్రతి మజిలీలోనూ ఈ కొలబద్దను బయటికి తీశారు. తిరిగివచ్చిన తరువాత సభల్లోనూ అదే ఉపన్యసిస్తున్నారు: అమెరికా స్వేచ్ఛకు పుట్టిల్లు, అందులో బానిసత్వం ఒక మచ్చ, అది ఆ కాలపు లోపమే గాని మనుషుల లోపం కాదు! పదిమంది విద్యార్థులు వినే మాట కనుక దీనికి జవాబు చెప్పక తప్పదు.

జేమ్స్‌టౌన్‌తో మొదలుపెడదాము. పౌహటన్ తెగల నేలపై 1607లో ఒక ఇంగ్లీషు కంపెనీ పాతిన కోట అది. 1619 జూలై 30న అక్కడి చర్చిలో వలసదారుల ప్రతినిధి సభ మొదటిసారి కూడింది. ప్రజాస్వామ్యానికి అంకురార్పణ అని దీనిని కీర్తిస్తారు. నెల తిరిగీ తిరగకముందే, ఆగస్టు చివరలో, దిగువనున్న పాయింట్ కంఫర్ట్ రేవులో ఒక ఓడ ఇరవై చిల్లర అంగోలా మనుషులను దించింది. ఆహార పదార్థాలిచ్చి వారిని కొనుక్కొన్నారు. ఈ రెంటినీ రెండు వేర్వేరు పాఠాలుగా చెప్పడం మనకు అలవాటు. కాని 1662లో తల్లి బానిస అయితే బిడ్డ బానిసే అని చట్టం చేసింది ఆ శాసనసభయే. ఇంగ్లండులో బిడ్డకు తండ్రి స్థితి వస్తుంది. ఇక్కడ ఆ ధర్మాన్ని తలక్రిందులు చేశారు. ఎందుకని? యజమాని తన బానిస స్త్రీ వలన కన్న బిడ్డ కూడా యజమాని ఆస్తిగానే మిగలాలి గనుక. నా మిత్రులు చెప్పే ఆ కాలపు కొలబద్ద ఆకాశం నుండి ఊడిపడలేదు. పొగాకు తోటల యజమానులు కూర్చొని, తమ అవసరం కొలది దానిని చెక్కుకొన్నారు.

విలియమ్స్‌బర్గ్ ముచ్చటైన పట్నం. దానిని 1926 నుండి పాత రూపానికి తెచ్చింది రాక్‌ఫెల్లర్ జూనియర్ ధనం. (ఆ కుటుంబం పెత్తనంలోని కొలరాడో గనులలో, 1914లో సమ్మె కార్మికుల గుడారాలు తగలబడి, ఒక గోతిలో ఇద్దరు స్త్రీలు, 11 మంది పిల్లలు ఊపిరాడక చనిపోయిన లడ్లో మారణకాండ చరిత్ర విద్యార్థులకు తెలిసినదే.) విప్లవం నాటికి ఆ పట్నం జనాభాలో సగానికి మించి నల్లవారే. అయినా చాలాకాలం సందర్శకునికి కనిపించినది పట్టుకోట్ల పెద్దమనుషులు మాత్రమే.

అక్కడ నన్ను నిలబెట్టినది ఒక చిన్న చెక్క ఇల్లు. 1760 నుండి 1774 వరకు నల్లపిల్లలకు బడి నడిపిన లండన్ మత సంఘం, బ్రే సహచరుల సంఘం, మొదట ఆ ఇంట్లోనే బడి పెట్టింది. ఎంతోకాలం మరుగునపడిన ఆ ఇంటిని గుర్తించి 2023లో పాత పట్నంలోకి తరలించారు. ఆన్ వేజర్ అనే ఒక్క పంతులమ్మ. పిల్లలలో ఎక్కువమంది బానిసలు. అక్షరాలు, మతబోధ, ఆడపిల్లలకు కుట్టుపని, అందరికీ విధేయత. దేవుడు నిన్ను ఉంచిన చోట ఒదిగి ఉండమని చెప్పడానికే చదువు! ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న మనము ఆ గుమ్మం తొందరగా దాటిపోరాదు. పాఠ్యప్రణాళిక ఎవరి చేతిలో ఉన్నదనే ప్రశ్న ఆ ఇంటి గోడలలోనే ఉన్నది.

అయితే అక్షరం యజమాని చెప్పినట్లు వినదు. ఆ బడిలో చదివిన ఐజక్ బీ పద్ధెనిమిది, పంతొమ్మిదేండ్ల వయసులో, 1774లో పారిపోయాడు. అతని యజమాని వర్జీనియా గెజిట్‌లో వేయించిన ప్రకటన నేటికీ ఉన్నది. తండ్రి స్వతంత్రుడు కనుక తనకూ స్వేచ్ఛ హక్కు ఉందని ఇతడు భావిస్తున్నాడనీ, ఇతనికి చదవడం వచ్చుననీ, దొంగ అనుమతి చీటీ ఎవరిచేతనైనా వ్రాయించుకోగలడనీ యజమాని స్వయంగా హెచ్చరించాడు. స్వాతంత్ర్య ప్రకటనకు ఇంకా రెండేండ్లున్నది. జెఫర్సన్ కలం పట్టకముందే ఒక బానిస యువకుడు 1662 నాటి చట్టాన్ని తన కాళ్లతో ఖండించాడు. అతడు ఆ కాలపు మనిషి కాడా? అతని కొలబద్దను నా మిత్రులు ఏ పెట్టెలో పెట్టి తాళం వేశారు?

మాంటిసెల్లో కొండమీద జెఫర్సన్ 1794లో మేకుల కార్ఖానా పెట్టాడు. పదేండ్ల నుండి పదహారేండ్ల లోపు బానిస బాలురు అక్కడ సమ్మెటలు పట్టారు. ఇచ్చిన ఇనుము ఎంత, వచ్చిన మేకులెన్ని, తరుగు ఎంత అని ఆ తత్త్వవేత్త పిల్లవాని పేరు పేరున లెక్క వ్రాసుకొన్నాడు. కొలతలు ఆయనకు బాగా తెలుసు! జీవితకాలంలో 600 మందికి పైగా మనుషులు ఆయన ఆస్తి. వారిలో జోసెఫ్ ఫాసెట్ చిన్నతనాన ఆ మేకులు కొట్టి, పెరిగి ఆ కమ్మరి కొలిమికి పెద్ద అయ్యాడు. 1826లో చనిపోయిన జెఫర్సన్ వీలునామాలో అతనికి విముక్తి వ్రాశాడు. అతని భార్యకు, బిడ్డలకు వ్రాయలేదు. అప్పులు తీర్చడానికి 1827 జనవరిలో 130 మందిని వేలానికి పెట్టినప్పుడు అతని భార్య ఈడిత్, పిల్లలు కూడా అమ్ముడుపోయారు. తరువాత ఆ కమ్మరి సంపాదించి, తన భార్యను, కొందరు బిడ్డలను తానే కొనుక్కొన్నాడు. పదకొండేండ్ల వయసులో అమ్ముడైన కొడుకు పీటర్ దొంగచాటుగా చదువు నేర్చుకొన్నాడు. నల్లవారికి చదువు చెప్పే కూటములను వర్జీనియా 1831లో చట్టం చేసి నిషేధించిన సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. విధేయత నేర్పని చదువంటే ఆ ప్రభువులకు ఎంత భయమో!

“కాని వారికి వేరే దారి తెలియదు గదా” అంటారు. తెలియకేమి? బానిసలను విడుదల చేయడానికి వర్జీనియాయే 1782లో చట్టబద్ధంగా దారి తెరిచింది. 1791లో రాబర్ట్ కార్టర్ అనే వర్జీనియా భూస్వామి 450 మందికి పైగా బానిసల విముక్తికి పత్రం వ్రాశాడు. ఆయనా ఆ కాలపు మనిషే, ఆ వర్గపు మనిషే. ఇక వాషింగ్టన్ సంగతి. ఫిలడెల్ఫియాలో అధ్యక్షునిగా ఉన్నప్పుడు, పెన్సిల్వేనియా 1780 నాటి చట్టం ప్రకారం ఆరు నెలలు దాటి అక్కడ ఉంచిన బానిస స్వేచ్ఛ కోరవచ్చు. కనుక గడువు నిండకుండా వారిని రాష్ట్రం దాటించి తెచ్చేవాడు. ఇది వారికీ, ప్రజలకూ తెలియకుండా జరగాలని 1791లో తన కార్యదర్శికి లేఖ వ్రాశాడు. దాచవలసిన పని అని తెలియనివాడు దాచుతాడా? 1796లో ఓనా జడ్జ్ అనే యువతి ఆ ఇంటినుండే పారిపోయి న్యూహాంప్‌షైర్ చేరింది. వాషింగ్టన్ మనుషులు వెంటబడినా తిరిగిరాలేదు; 1848లో, చట్టం దృష్టిలో ఇంకా బానిసగానే, అక్కడే చనిపోయింది. 1799లో వాషింగ్టన్ తన వీలునామాలో తన సొంత బానిసలకు విముక్తి వ్రాసిన మాట నిజమే. దానిని కాదనను. అది నా వాదనకే బలం: ఆయనకు తెలుసు.

మన శిబిరంలోనే మరొక రకం మిత్రులున్నారు. సామ్రాజ్యవాదుల దేశంలో చూడవలసినదేమున్నదని పెదవి విరుస్తారు. ఇదీ బద్ధకమే. నేనిక్కడ వ్రాసినవన్నీ నేడు వెలుగులో ఉన్నవంటే, ఆ దేశపు నల్లజాతి ప్రజలు, బానిసల వారసులు, పరిశోధకులు, అక్కడ పనిచేసే వారు ఏండ్ల తరబడి పట్టుబట్టినందువల్లనే. వారి పోరాటం ముగియలేదు. ప్రభుత్వ ఆధీనంలోని చారిత్రక స్థలాలలో అమెరికన్లను అనుచితంగా కించపరిచే వివరణలు ఉండరాదని 2025 మార్చిలో అధ్యక్షుడు ఉత్తర్వు వెలువరించాడు. కించపరచడమంటే ఏమిటో నిర్ణయించేది ఎవరో వేరే చెప్పాలా?

యార్క్‌టౌన్‌ను కడపటికి ఉంచాను; అది మన సంగతి కూడా గనుక. 1781 అక్టోబరు 19న కారన్‌వాలిస్ సేన లొంగిపోయినది అక్కడనే. స్వేచ్ఛ దొరుకుతుందని తనను ఆశ్రయించిన నల్లవారిని, మశూచితో ఉన్నవారిని సైతం, ముట్టడిలో తిండి చాలక అతడు బయటికి గెంటించాడు. గెలిచిన వాషింగ్టన్, మిగిలినవారిని పట్టి యజమానులకు అప్పగించే ఏర్పాటు చేశాడు. వారి పట్ల ఇద్దరు సేనాధిపతులకూ భేదాభిప్రాయం లేదు! ఆ కారన్‌వాలిసే 1786లో గవర్నర్ జనరల్‌గా మన దేశం వచ్చి, 1793లో బెంగాలులో శాశ్వత శిస్తు నిర్ణయం చేశాడు. 1802 నుండి అదే పద్ధతి ఉత్తర సర్కారులకు వచ్చింది. హవేలీ భూములను ముఠాలుగా కోసి వేలం వేశారు. రైతు నెత్తిన జమీందారు కూర్చున్నాడు. 1948 చట్టం దాకా ఆ బరువు దిగలేదు. దీనిని సంస్కరణల శీర్షిక క్రింద చదివి మార్కులు తెచ్చుకొన్నవాళ్లము మనమందరము. సర్కారు జిల్లాల రైతు కూడా ఆ కాలపు మనిషేనన్న ఊహ ఆ శీర్షిక పెట్టినవారికి తట్టలేదు.

నా ఉపాధ్యాయ మిత్రులు ఈ పత్రిక చదువుతారని ఎరుగుదును. జవాబు వ్రాయడానికి ఇందులోనే చోటు ఉన్నది. జెఫర్సన్‌ను గూర్చి, వాషింగ్టన్‌ను గూర్చి తరువాత వాదించుకొందాము. ముందుగా ఐజక్ బీ ఏ కాలపు మనిషో ఆయన తేల్చి వ్రాయాలి.