నాచారం నుంచి ఒక మనవి

మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి గారికి,

మా వీధిలో ఆటో నడుపుకునే ఒక తమ్ముడు మొన్న నాకో కాగితం చూపించాడు. నాలుగు మడతలు పెట్టి, ప్లాస్టిక్ కవర్లో దాచుకున్న రక్తపరీక్ష రిపోర్టు. హెపటైటిస్ బి పాజిటివ్. "అక్కా, కళ్ళు పచ్చబడలేదు, అన్నం సయిస్తోంది. మరి ఇదేంటి?" అన్నాడు. కామెర్లు రాకుండానే కాలేయాన్ని ఏళ్ల తరబడి తినేసే జబ్బని అతనికెవరూ చెప్పలేదు. పెద్దాసుపత్రికి పొమ్మన్నారట. వెళ్లిన రోజల్లా ఆటో ఆగిపోతుంది. రెండుసార్లు తిరిగి మానేశాడు. ఇప్పుడు పసరు మందు తాగుతున్నాడు.

హెపటైటిస్ నియంత్రణకు 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్షలూ మందులూ ఉచితమే. హెపటైటిస్ సి చాలామందికి 12 వారాల మాత్రలతో నయమవుతుంది. బి అలా పోదు. కొందరికి రోజూ టెనోఫోవిర్ కావాలి, మందు అక్కర్లేనివాళ్లకూ క్రమం తప్పకుండా పరీక్షలు కావాలి. బీపీ, షుగర్‌కి మాత్రలిచ్చే బస్తీ దవాఖానాలో ఈ పని ఎందుకు కాకూడదు? చికిత్స పెద్ద డాక్టర్లే మొదలుపెట్టనివ్వండి. ఆ తర్వాత నెలనెలా మాత్రలివ్వడం, రక్తనమూనాలు తీసుకోవడం ఉప్పల్, నాచారంలోనే జరిగేలా చూడండి. రోగుల ఇంట్లోవాళ్లకు పరీక్ష చేసి, అవసరమైనవాళ్లకు టీకా వేయించండి. దేశంలో తయారైన తొలి రీకాంబినెంట్ హెపటైటిస్ బి టీకాను 1997లో తెచ్చిన శాంతా బయోటెక్నిక్స్ మన హైదరాబాద్‌దే కదా!

ఆ తమ్ముడి భార్యకిప్పుడు ఐదో నెల. ఆమెకింకా పరీక్ష కాలేదు. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు టీకా పడాలి.

ఇట్లు,
నాచారం నివాసిని