క్రీడలును, ప్రజాధనమును

ఆత్మకూరు ఒకప్పుడు సంస్థానపు రాజధాని. నేడు వనపర్తి జిల్లాలో ఒక చిన్న పట్టణము. ఆత్మకూరు, గద్వాల, వనపర్తి ప్రభువులు కవిపండితులను పోషించిన కథలు ఈ ప్రాంతపు పెద్దల నోట నేటికిని వినబడుచునే యున్నవి. ఆ పోషణమునకు రెండు రూపములుండెడివి. సభలో గెలిచినవానికి శాలువయు కంకణమును ఇచ్చుట యొకటి. ఏటేట తప్పక వార్షికము ముట్టజెప్పుట రెండవది. సన్మానము పండితుని కీర్తికి పనికివచ్చెను. వార్షికము అతని కుటుంబమునకును, అతనియొద్ద చదువుకొను శిష్యులకును పనికివచ్చెను. సన్మానము గూర్చి లోకము నాలుగు దినములు చెప్పుకొనెను. వార్షికమువలన విద్య నాలుగు తరములు నిలిచెను. ఆ ధనము రైతు చెల్లించిన శిస్తేయను మాట వేరు. నేడు క్రీడల విషయమున మన ప్రభుత్వములును మన ధనవంతులును సన్మానమును మాత్రమే నేర్చి, వార్షికమును మరచినట్లు మాకు తోచుచున్నది. ఈ సంగతిని ఆవేశముతో గాక లెక్కలతో విచారింపవలసి యున్నది.

2008లో ఐ.పి.ఎల్. ప్రారంభమైననాటినుండి క్రికెటు వినోదము మాత్రమే గాక పెద్ద వ్యాపారమైనది. 2023 మొదలు 2027 వరకు ఐదేండ్ల ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయినవి. అనగా సగటున ఏటికి 9,678 కోట్లు. హైదరాబాదు జట్టు 2025 పోటీలకుగాను హెన్రిచ్ క్లాసెన్ అను దక్షిణాఫ్రికా ఆటగానిని 23 కోట్లకు నిలుపుకొనెను. ఆత్మకూరు అంగటివీధిలో ఈ అంకె విన్నవాడు ముక్కుమీద వ్రేలు వేసికొనును, "బంతిని కొట్టినందుకు ఇంత ధనమా?" యని అడుగును.

అడుగవలసిన ప్రశ్న అది కాదని మా యభిప్రాయము. 2025లో ఒక్కొక్క జట్టు ఆటగాండ్రను నిలుపుకొనుటకును వేలమున కొనుటకును వెచ్చింపగల గరిష్ఠ పరిమితి 120 కోట్లు. పది జట్లకు కలిపి 1,200 కోట్లు. ఆ యేటినుండి విడిగా ఇచ్చుచున్న మ్యాచి రుసుములు జట్టునకు 12.60 కోట్ల చొప్పున కలిపినను 1,326 కోట్లు. ప్రసార హక్కుల వార్షికాదాయమునకే ఇది ఏడవ వంతుకంటె తక్కువ. టిక్కెట్ల సొమ్మును, ప్రకటనల సొమ్మును ఇంకను లెక్కింపనే లేదు. అమెరికాలో బాస్కెట్‌బాలు ఆటగాండ్రు సంఘముగా కూడి యజమానులతో ఒప్పందము చేసికొని, ఆ క్రీడ ఆదాయములో దాదాపు సగము తమకు ముట్టునట్లు సాధించుకొనినారు. కావున ఆటగానికి ఎక్కువ ముట్టుచున్నదని అసూయ పడుట తగదు. వాని శరీరము పది పదునైదు ఏండ్లకు మించి ఆ శ్రమను భరింపదు. మోకాలు ఒక్కసారి బెణికినచో వాని వృత్తియే ముగియవచ్చును. శ్రమించువానికి ప్రతిఫలము దక్కవలెనన్న సూత్రము కూలివానికెంత న్యాయమో క్రీడాకారునకును అంతే న్యాయము.

మాకు చింత కలిగించునది నిచ్చెన పైమెట్టు కాదు, క్రిందిమెట్లు. 2021లో పెంచిన రేటు ప్రకారము రంజీ పోటీలలో తొలి ఇరువది మ్యాచులాడు యువకునకు దినమునకు 40,000 రూపాయలు. ఏడాదిలో అట్టి దినములు కొలదియే. ఆ క్రింది మెట్టున ఉన్నవానికి దారిబత్తెము దక్కుటయే దుర్లభము. మన పల్లెలలో పుట్టి పెరిగిన కబడ్డీ సంగతియు ఇట్టిదే. 2014లో ప్రొ కబడ్డీ తొలి వేలమున అత్యధిక ధర 12.80 లక్షలు, 2023లో తెలుగు టైటన్స్ వారు పవన్ సెహ్రావత్‌ను 2.605 కోట్లకు కొనినారు. కూతపెట్టి ఆడు ఆటకు ఇంతటి గౌరవము లభించుట సంతోషకరమే. కాని వేలపు పాటలో పేరు వినబడువాడు వేలమందిలో ఒక్కడు. మిగిలినవారు దసరా పందెములలో ఆడి, ఊరివారు చందాలు వేసి యిచ్చు బహుమానముతో ఇల్లు చేరుచున్నారు.

యజమాని ధనమే ఆధారమైన చోట యజమాని పడిపోయిననాడు ఏమగునో మన రాజధాని రెండుమార్లు చూచినది. 2008లో దాదాపు 10 కోట్ల 70 లక్షల డాలర్లకు కొనబడిన డెక్కన్ చార్జర్స్ జట్టు 2009లో కప్పు గెలిచెను. యజమాని సంస్థ అప్పులలో చిక్కుకొనగా 2012లో రద్దయ్యెను. 2019లో వెలసిన హైదరాబాదు ఫుట్‌బాలు జట్టు గచ్చిబౌలి ప్రభుత్వ స్టేడియమును నెలవుగా చేసికొని, 2022 మార్చిలో ఐ.ఎస్.ఎల్. విజేత యయ్యెను. రెండేండ్లు తిరుగకమునుపే జీతములు అందక ఆటగాండ్రు ఒక్కరొక్కరుగా వీడిపోయిరి. పిదప చేతులు మారి, 2025లో ఆ జట్టు పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయెను. చెరువు నిండినప్పుడు కప్పలు చేరుట వింత కాదు. చెరువు ఎండినప్పుడు వానిని నిలుపువాడెవ్వడు?

దీనితో పాతకాలపు పద్ధతి నొకదానిని పోల్చిచూడుడు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుమార్లు రోవర్స్ కప్పు గెలిచెను. బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీముగారు ఆ జట్టును తీర్చిదిద్దిరి. ఆయన శిక్షణలోనే భారతజట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమును, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకమును పొందెను. పోలీసు జట్టు ఆటగానికి కోట్లు లేవు, నెలజీతము గలదు. ఓడిననాడును ఆ జీతము ఆగలేదు. అదియే వార్షికమనగా. ఆ పద్ధతి యథాతథముగా మరల రావలెనని మేము కోరుటలేదు. దాని ధర్మమును మరువరాదని మాత్రము చెప్పుచున్నాము.

ఇక భూమి సంగతి. మా పాఠకులలో భూమి విలువ తెలిసినవారే హెచ్చు. 2003లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము క్రీడాశిక్షణాలయముల పేరిట ఐ.ఎం.జి. అకాడమీస్ భారత అను సంస్థకు హైదరాబాదు పరిసరములలో 850 ఎకరములు కట్టబెట్టుచు ఒప్పందము చేసికొనెను. అందు 400 ఎకరములు కంచ గచ్చిబౌలిలోనివి, 450 ఎకరములు మామిడిపల్లిలోనివి. తరువాతి ప్రభుత్వము 2006లో దానిని రద్దు చేసెను. వ్యాజ్యము ఏండ్ల తరబడి సాగి, 2024 మార్చిలో హైకోర్టు ఆ రద్దును సమర్థించెను. ఇరువది యేండ్లలో ఆ 850 ఎకరములనుండి ఒక్క క్రీడాకారుడును పుట్టలేదు. కోర్టు కాగితములు మాత్రము పుట్టినవి.

అదే 2003లో, అదే ప్రభుత్వము, అదే గచ్చిబౌలిలో పుల్లెల గోపీచందుగారికి బ్యాడ్మింటను శిక్షణాలయము కొరకు 5 ఎకరములిచ్చెను. ఆయన తన ఇల్లు తాకట్టుపెట్టిరి. నిమ్మగడ్డ ప్రసాదుగారు 5 కోట్లు విరాళమిచ్చిరి. 2008లో శిక్షణాలయము తెరువబడెను. 2012లో సైనా నెహ్వాలు కాంస్యమును, 2016లో పి.వి. సింధు రజతమును ఒలింపిక్సునుండి తెచ్చిరి. ప్రజల భూమి క్రీడలకు ఇయ్యరాదని మేమనుట లేదు. ఎంత భూమి, ఎవరికి, ఏ షరతులపై, ఏ ఫలము కొరకు అను నాలుగు ప్రశ్నలు అడుగక ఇయ్యరాదని యనుచున్నాము. 5 ఎకరముల కథయు 850 ఎకరముల కథయు ప్రక్కప్రక్కన ఉంచుకొనినవానికి వేరే ఉపదేశము అక్కరలేదు.

ఉప్పలు స్టేడియము లేచినదియు ప్రభుత్వమిచ్చిన స్థలముననే. 2024 ఏప్రిలులో హైదరాబాదు, చెన్నై జట్ల మ్యాచికి ముందురోజున, కోటిన్నరకు పైబడిన విద్యుత్ బకాయి కారణముగా అచ్చట విద్యుత్ సరఫరాను నిలిపివేయవలసి వచ్చెను. లక్షలాది దీపములు వెలిగించు ధనము ఆ ఆటలో ప్రవహించుచుండగా, తమ ప్రాంగణపు దీపపు బిల్లు బకాయిపడుటకు ఏమి సమాధానము? పల్లెలో పేదవాడు రెండు మూడు నెలల బిల్లు కట్టకున్నచో వాని తీగను కోయుటకు ఎవ్వరును వెనుదీయరు. అత్తసొమ్ము అల్లుడు దానము చేసినట్లు ప్రజలసొమ్ముతో ప్రాంగణములు లేచును. అద్దె యెంత, బకాయి యెంత యను లెక్క మాత్రము ప్రజలకు చేరదు.

దీనికి ఒక ప్రతివాదము వినబడును. మ్యాచులవలన హోటళ్లకు, ఆటోలకు, చిల్లర వర్తకులకు బేరము పెరుగును గదా, నగరమునకు పేరు వచ్చును గదా యని. కొంత నిజమే. కాని ఆటకు పోయిన కుటుంబము ఆనాడు సినిమాకు పోదు, వేరొక హోటలుకు పోదు. ఒక జేబులోని రూకలు వేరొక జేబులో పడునేకాని కొత్తగా పుట్టవు. అమెరికా నగరములు జట్లను ఆకర్షించుటకు పోటీపడి పన్నులసొమ్ముతో స్టేడియములు కట్టించినవి. రోజర్ నోల్, ఆండ్రూ జింబలిస్ట్ అను అర్థశాస్త్రజ్ఞులు 1997లో ప్రకటించిన గ్రంథమున ఆ వ్యయమునకు తగిన ఉద్యోగములుగాని, వృద్ధిగాని చేకూరలేదని తేల్చిరి. కెనడాలోని మాంట్రియలు 1976 ఒలింపిక్సుకు కట్టించిన స్టేడియపు అప్పు తీరుటకు 30 ఏండ్లు పట్టి, 2006లో గాని ముగియలేదు. పదునైదు దినముల పండుగకు ఒక తరము పన్ను కట్టినది.

ఇప్పుడు పల్లెకు వత్తము. 2022 జూన్ 2వ తేదీన తెలంగాణ ప్రభుత్వము ఊరూర క్రీడాప్రాంగణములను నెలకొల్పు పథకమును ప్రారంభించెను. సంకల్పము మంచిది. కాని పలుచోట్ల పేరుపలక నిలిచియున్నదే గాని ఆట నిలువలేదు. గడ్డి మొలిచినది, స్తంభములు ఒరిగినవి, నేర్పువాడు లేడు. పాఠశాలలలో వ్యాయామోపాధ్యాయుని కొరత సరేసరి. వరంగల్లు జిల్లా కల్లెడలో కూలిపనివారి యింట పుట్టిన జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్సులో కాంస్యము గెలిచిన పిమ్మట, ప్రభుత్వము కోటి రూపాయలును, ఉద్యోగమును, ఇంటిస్థలమును ప్రకటించెను. ఆమెకు అది తగినదే, మేము హర్షించితిమి. అయితే ఆ బాలిక పరుగెత్తుట మొదలిడిననాడు ఆమెకు మంచి బూట్లును, పుష్టికరమైన ఆహారమును, చదునైన నేలయును ఎవరివలన దక్కవలసినది? గెలిచిన తరువాత కంకణము తొడుగువారు పదిమంది. గెలువకమునుపు గ్రుక్కెడు పాలు పోయువాడు ఒక్కడును లేకుండుట ధర్మమా?

కావున మేము కోరునవి నాలుగు. ప్రజల భూమినో, ప్రజల స్టేడియమునో వాడుకొను ప్రతి సంఘమును, ప్రతి జట్టును అద్దె, విద్యుత్తు, బందోబస్తు లెక్కలను ఏటేట పత్రికలలో ప్రకటింపవలయును. అట్టి ప్రాంగణములలో అమ్మిన ప్రతి టిక్కెట్టునుండి కొంత భాగము మండలములలోని క్రీడాస్థలములకును, వ్యాయామోపాధ్యాయుల జీతములకును చట్టబద్ధముగా చేరవలయును. ఏ జట్టైనను పోటీలు మొదలు కాకమునుపే ఆ యేటి ఆటగాండ్ర జీతములను బ్యాంకులో ధరావతుగా ఉంచవలయును. విజేతలకు ప్రభుత్వమిచ్చు ప్రతి బహుమానమునకు సమానమైన సొమ్ము ఆ విజేత మొదట ఆడిన పాఠశాలకు చేరవలయును. ఇందేదియు అసాధ్యము కాదు, సంకల్పమే కావలయును.

మా పాఠకులకును ఒక మాట. జాతరలలో బండలాగు పందెములకు, కుస్తీలకు ఉదారముగా బహుమానములిచ్చు సంపన్నులు ఈ పాలమూరు నేలలో కొదువ లేదు. ఎద్దుకు వెండిపట్టెడ వేయించువారు తమ ఊరి బడి మైదానము ఎవని ఆక్రమణలోనికి పోవుచున్నదో ఒకసారి పోయి చూచివత్తురుగాక. హద్దురాళ్లు నాటించి, కంచె వేయించి, ఒక బావినుండి నీరిప్పించినచో, అది ఏ కప్పుకును తీసిపోని దానము. కాలువ తూము దగ్గరి పొలము తడిసినంతమాత్రమున పంట పండినదని జూరాల ఆయకట్టు రైతెవ్వడును చెప్పడు. చివరిమడికి నీరు చేరిననాడే చెప్పును. క్రీడలకు పెట్టు ప్రజాధనమునకును అదియే పరీక్ష. సన్మానములు చాలినన్ని జరిగినవి. ఇక వార్షికములు ప్రారంభము కావలయును.