శుభలేఖ చూడ్డానికి తాళంచెవి ఎందుకు?

మాఘమాసం వచ్చిందంటే చాలు, మన ఫోన్లలో శుభలేఖల వాన! పూర్వం దంపతులిద్దరూ గుమ్మంలోకి వచ్చి, బొట్టు పెట్టి, నాలుగు మూలలా పసుపు రాసిన కార్డు చేతికిచ్చి పిలిచేవారు. ఇప్పుడు వాట్సాప్‌లో పంపేసి "స్వయంగా వచ్చి పిలిచినట్టే అనుకోండి" అంటున్నారు. సరే, రోజులు అలా వున్నాయి. అలాంటి శుభలేఖ గురించే ఈ వారం మీతో నాలుగు మాటలు.

తెనాలిలో వుండే మా పెద్దవదినకి కిందటి మాఘంలో ఒక దూరపు చుట్టం నంబరు నుంచి "మా యింటి పెళ్ళికి తప్పక రావాలి" అని మెసేజీ వచ్చింది, దాని కిందే శుభలేఖ. ఆ చుట్టానికి వున్న ఒక్కగానొక్క కొడుకు చదివేది ఎనిమిదో తరగతి! "వాళ్ళ తమ్ముడి పెళ్ళేమోలే" అనుకుని వదిన దాన్ని నొక్కింది. ఫోన్ ఏదో అడిగింది, సరే అంది. మళ్ళీ అడిగింది, మళ్ళీ సరే అంది. కార్డు మాత్రం కనపడలేదు. పొయ్యిమీద పప్పు పొంగుతుంటే ఫోన్ అక్కడే పడేసి పరుగెత్తింది. సాయంత్రానికి బ్యాంకులో 42 వేలు మాయం! గాజులు చేయించుకుందామని రెండేళ్ళుగా కూడబెట్టుకున్న డబ్బు. అది చాలదన్నట్టు, అదే శుభలేఖ ఆవిడ పేరుతో మా అందరి ఫోన్లకీ వచ్చింది.

"ఇంక ఎవరేం పంపినా తెరవనే తెరవను అమ్మాయీ, మనవడి ఫోటో అయినా సరే" అని ఒట్టు పెట్టుకుంది పాపం. నేను వద్దన్నాను. ఎందుకంటే ఆవిడ చేసిన పొరపాటు తెరవడం కాదు.

ఎదురింటావిడ గిన్నెలో పులిహోర పంపిందనుకోండి. మన పళ్ళెంలో వడ్డించుకుని తింటాం, గిన్నె కడిగి ఇచ్చేస్తాం. ఫోటో, వీడియో, పీడీఎఫ్ ఇలాంటివి. వాటిని తెరిచి చూపించేది మన ఫోన్‌లో ముందునుంచీ వున్న ప్రోగ్రామే. కానీ ఒక యాప్‌ని ఇన్‌స్టాల్ చేయడమంటే కొత్త వంటమనిషిని ఇంట్లో పెట్టుకోవడం. ఆ మనిషి వంటింట్లోనే వుంటుందో, బీరువా దాకా వెళుతుందో మనమిచ్చే తాళాలని బట్టి వుంటుంది. వదినకి వచ్చింది పులిహోర గిన్నె వేషంలో వచ్చిన వంటమనిషి! ఫైలు పేరు చివర 'ఏపీకే' అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు వున్నాయి. అంటే అది ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఎక్కించే యాప్. ఆవిడ రెండోసారి అన్న 'సరే' మెసేజీలు చదవడానికి ఇచ్చిన అనుమతి. ఇంకేముంది, బ్యాంకు పంపిన ఓటీపీలన్నీ ఎవడి చేతికో చేరిపోయాయి. శుభలేఖ చూపించడానికి మన మెసేజీలు చదవడం దేనికండీ?

ఈ వేషం కొత్తదేమీ కాదు. 2000 మే నెలలో ఫిలిప్పీన్స్ నుంచి 'ఐ లవ్ యూ' అనే ఈ-మెయిల్ బయలుదేరి ప్రపంచంలోని కంప్యూటర్లని గడగడలాడించింది. దాంతోపాటు వచ్చింది చూడ్డానికి మామూలు ప్రేమలేఖ. నిజానికి అది ప్రోగ్రాం. పేరు చివరి మూడక్షరాలని విండోస్ దాచిపెట్టేది కాబట్టి చాలామంది ఉత్తరమనుకునే తెరిచారు.

అలాగని పులిహోరకి భయమే లేదని కాదు. తెరిచే ప్రోగ్రాంలోనే లోపం వుంటే వుత్త వీడియో కూడా హాని చేయగలదు. 2015లో ఆండ్రాయిడ్‌లో అలాంటి లోపమే బయటపడింది. ఆ తరువాతే గూగుల్ నెలనెలా రక్షణ అప్‌డేట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అందుకే ఫోన్ "అప్‌డేట్ చేయనా?" అంటే "తర్వాత చూద్దాం" అనకండి. పీడీఎఫ్‌లో "ఇక్కడ నొక్కండి" అని వుంటే మాత్రం నొక్కకండి.

మరి కంపెనీ పెట్టిన ప్లే స్టోర్‌లోంచి తీసుకుంటే బెంగ లేదా? చాలావరకు లేదు, పూర్తిగా లేదనలేను. పిల్లల కంప్యూటర్లో బ్రౌజర్‌కి చిన్నచిన్న తోకలు తగిలిస్తుంటారు చూడండి, ఎక్స్‌టెన్షన్లని. 'ది గ్రేట్ సస్పెండర్' అని అలాంటి మంచి తోక ఒకటి వుండేది. 2020లో దాన్ని తయారుచేసినాయన వేరెవరికో అమ్మేశాడు. 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని హానికరమని తీసేసింది. వంటమనిషి పేరు అదే, మనిషి మాత్రం మారిపోయింది! వాడని వాటిని నెలకోసారి ఏరి పారెయ్యమని పిల్లలకి చెప్పండి.

పొరపాటున నొక్కేశారా? వెంటనే నెట్ కట్టేసి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకీ, 1930కీ చెప్పండి. ఆ తరువాత ఆ యాప్ తీసేయించండి. మా వదిన, మావారు తిడతారేమోనని రాత్రంతా కడుపులోనే పెట్టుకుంది. మర్నాడు మధ్యాహ్నం 1930కి చెబితే 8 వేలు మాత్రం ఆగాయి. మిగతా డబ్బు ఈ చేతినుంచి ఆ చేతికి మారిపోయింది. తిడితే తిట్టనివ్వండి, ఆ గంట పోనివ్వకండి!

ఇంకో పని ఇవాళే చేయండి. ఫోన్ సెట్టింగుల్లో, బయటినుంచి వచ్చే యాప్‌లని ఇన్‌స్టాల్ చేసే అనుమతి ఎవరెవరికి వుందో చూపించే చోటు వుంటుంది. 'ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్' అని వెతికితే దొరుకుతుంది. అక్కడ వాట్సాప్‌కీ, బ్రౌజర్‌కీ ఆ అనుమతి తీసేయండి. మా అత్తగారి ఫోన్‌లో మొన్న ఆదివారం నేనే చేశాను. రెండు నిమిషాల పని. "శుభలేఖలు రాకుండా చేస్తున్నావా ఏమిటే?" అని అడిగిన ఆవిడకి నచ్చజెప్పేసరికి మాత్రం పూట గడిచింది.