మూడు కాళ్ళ కుందేలు – కూలీల పిల్లల చదువు

"చదువుకుంటూనే సంపాదించండి, కుందేళ్ళు పెంచండి" అనే ప్రచారం సెల్‌ఫోను వీడియోల మీదెక్కి మన పేటలు, కాలనీల దాకా వచ్చింది. అమెరికాలో విద్యార్థులు జాతి కుందేళ్ళను పెంచి, ప్రదర్శనల్లో బహుమతులు గెలిచి, పిల్లల్ని అమ్ముకుని చదువు ఖర్చులు వెళ్ళదీసుకుంటున్నారట. మీరెందుకు చెయ్యరూ అని అడుగుతున్నారు. గుంటూరు, ప్రకాశం మెట్టల్లో మిరప కోతలకు, పత్తి తీతలకు పోయి బిడ్డల్ని ఇంటరు, డిగ్రీ చదివించుకునే తల్లిదండ్రులకు ఈ మాట తియ్యగానే ఉంటుంది. ఫీజు రీయింబర్స్‌మెంటు బకాయి పడ్డప్పుడల్లా సర్టిఫికెట్లు అట్టిపెట్టుకునే కాలేజీలున్న ఈ రోజుల్లో, నాలుగు రాళ్ళు చేతికొస్తాయంటే ఆశపడడం తప్పు కాదు. ఆ ఆశతో వ్యాపారం చేసేవాళ్ళ సంగతే మనం మాట్లాడుకోవాలి.

వాళ్ళు చెప్పే లెక్క ఇది: ఆడ కుందేలు ఆరు నెలలకు ఎదకొస్తుంది. చూడి 31 రోజులు. ఈతకు ఆరు పిల్లలు, ఏడాదికి అయిదు ఈతలు. ఒక్క తల్లికి 30 పిల్లలు, పది తల్లులకు 300. కాగితం మీద తప్పేం లేదు. కాని మండలంలో ఇరవైమంది విద్యార్థులు పదేసి తల్లుల్ని పెంచారనుకోండి. ఏడాదికి 6 వేల పిల్లలు! వీటిని కొనేదెవరు? మన సంతల్లో గొర్రెకు, మేకకు, నాటుకోడికి బేరముంది. కుందేటికి బేరమెక్కడ? అడిగితే "మేమే తిరిగి కొంటాం" అంటారు. కొని ఏం చేస్తారు? ఇంకో ఊళ్ళో ఇంకో విద్యార్థికి జాతి పిల్లలని అంటగడతారు. కొత్తవాడు చేరుతున్నంత కాలమే పాతవాడికి డబ్బు. పెట్టుబడి, మేత, చాకిరీ అనే మూడు కాళ్ళూ విద్యార్థివి. నాలుగో కాలు అమ్మకం. అది లేనేలేదు.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. ఈము పక్షుల కథ అందరికీ తెలిసిందే. తమిళనాడు పెరుందురైలో సుశి ఈము ఫారమ్స్ లక్షన్నర కట్టినవారికి ఆరు పక్షులిచ్చి, నెలనెలా 6 వేలు ఇస్తామంది. 2012 ఆగస్టులో ఆ బోర్డు తిరగబడింది. వేలమంది డబ్బు మునిగింది. ఆంధ్ర దేశంలోనూ ఈములు పెంచిన రైతులు అమ్మే దారిలేక, మేపే స్తోమత లేక నానా అగచాట్లు పడ్డారు. మాంసానికో, నూనెకో నిజమైన గిరాకీ ఏర్పడక ముందే పిల్లల అమ్మకం జోరుగా సాగింది. లాభమంతా పిల్లలమ్మినవాడికి, నష్టమంతా పెంచినవాడికి.

మన జిల్లాలకు ఈ పాఠం ఇంకా ముందే తెలిసి ఉండాలి. 1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చిపెట్టినప్పుడు ఇక్కడ రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అప్పుడేం జరిగింది? మందు అమ్మేవాడే అప్పిచ్చాడు, వాడే ఏ మందు కొట్టాలో చెప్పాడు. అమ్మేవాడు, అప్పిచ్చేవాడు, సలహా చెప్పేవాడు ఒక్కడే అయినచోట సేద్యగాడు బతికి బట్టకట్టడు. కుందేళ్ళ ఒప్పందంలోనూ పిల్లలమ్మేది, మేత అమ్మేది, రేపు కొంటాననేది ఒకే చెయ్యి.

మరి అమెరికా సంగతేమిటి? అక్కడ కుందేలు వెనక ఒక వ్యవస్థ ఉంది. 1914 నాటి స్మిత్-లీవర్ చట్టం కింద విశ్వవిద్యాలయాల వ్యవసాయ విస్తరణ శాఖలు ప్రభుత్వ సొమ్ముతో ఫోర్-హెచ్ బాలల క్లబ్బులను నడుపుతున్నాయి. 1910లో ఏర్పడిన పెంపకందార్ల సంఘం జాతి ప్రమాణాలు రాసిపెట్టింది. ఎడమ చెవిలో పచ్చబొట్టు గుర్తు లేనిదే కుందేలును పోటీకి రానివ్వరు. కౌంటీ తిరునాళ్ళలో పిల్లలు పెంచిన జీవాలను స్థానిక వ్యాపారులు బజారు ధరకు మించి పాడుకుంటారు. ఈ దన్నంతా దాచిపెట్టి కుందేలును మాత్రమే మనకు చూపిస్తున్నారు.

ప్రదర్శన పశువు మనకు కొత్త కాదు. మన ఒంగోలు జాతే బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో కోట్ల మందలైంది. ఇక్కడి బండలాగుడు పోటీల్లో గిత్తను మేపి, తోమి, నిలబెట్టేది పాలేరు. మైకులో వినిపించే పేరు యజమానిది. భూమి, మేత ఉన్నవాడికే ఆ సరదా.

మన నేల సంగతీ చూడాలి. కుందేలు చలువ జీవి. వేడి 35 డిగ్రీలు దాటితే మగవి కొంతకాలం దాటడానికి పనికిరావు, పిల్లలు చస్తాయి. రెంటచింతల వైపు ఎండ 45 దాటే రోజులున్నాయి. రేకుల ఇంట్లో మనుషులకే ఊపిరాడదు. ఇక పచ్చిమేత: మిరప చేల గట్ల మీది గడ్డికి పురుగుమందు తుంపర తగిలే ఉంటుంది. సుబాబుల్ ఆకు దండిగా దొరుకుతుందిగాని, అదే పనిగా మేపితే బొచ్చు రాలిపోతుంది. బొచ్చు లేని కుందేలుకు ఏ ప్రదర్శనలో బహుమతి ఇస్తారు?

కుందేళ్ళు పెంచొద్దని మేము అనడం లేదు. ఇష్టంకొద్దీ రెండు పెంచుకుంటే అభ్యంతరమేముంది? కాని తల్లి పేర డ్వాక్రా అప్పు తీసి యూనిట్ కొనేముందు నాలుగు ప్రశ్నలు వెయ్యండి. అమ్మినవాడు కాక వేరే కొనేవాడెవడు? ఒప్పందం తెలుగులో రాసిస్తారా? జీవాలు చస్తే నష్టమెవరిది? కంపెనీ ఎత్తేస్తే జవాబుదారీ ఎవరు? జవాబు లేకపోతే డబ్బు కట్టొద్దు.

అసలు విషయం ఒకటుంది. కూలీ బిడ్డ చదువు ఖర్చు ఎవరు భరించాలి? విద్యార్థి వ్యాపారి కావాలని ఉపదేశించడమంటే, ప్రభుత్వం తన బాధ్యతను పదిహేడేళ్ళ పిల్ల నెత్తిన పెట్టడమే. ఫీజు బకాయిలు వెంటనే చెల్లించాలి. హాస్టళ్ళలో కడుపునిండా తిండి పెట్టాలి. జీవాలు పెంచదలచిన పేదలకు సహకార సంఘాల ద్వారా గొర్రెలు, మేకలు ఇచ్చి, పశువైద్యం, బీమా కల్పించాలి. వ్యవసాయ కార్మిక సంఘాలు, విద్యార్థి సంఘాలు కలిసి ఊరూరా ఈ లెక్క విప్పి చెప్పాలి. పిల్లలు కాలేజీకే పోవాలి. బోను ముందు కూర్చుని కంపెనీవాడి కోసం ఎదురుచూడకూడదు.