ఊరి మొగదల మామిడి చిహ్నము

మన ఊరి మొగదల, నూజివీడు బాట చీలునట్టి చోట, సిమెంటుతో పెద్ద మామిడిపండ్ల గుత్తి నొకదానిని నిలుపవలెనని సంఘ సభ్యులు కొందరు ఉత్సాహపడుచున్నారు. చినరసము, పెదరసము, బంగినపల్లి పండు నేల ఇదియని బాటసారికి తెలియవలదా యని వారి ప్రశ్న. తెలియవలసినదే. దేవుని గుడి వలన కూడలికి పేరు వచ్చుట మనకు క్రొత్త గాదు. మన పొరుగున హనుమాన్ జంక్షన్ ఆంజనేయస్వామి గుడి వలననే ఆ పేరు దాల్చినది. కావున ఈ యూహను మేము కాదనము. అయితే సొమ్ము రైతుది గనుక, చందాకు చేయి జాపుటకు ముందే కొన్ని సంగతులు తేల్చుకొనవలయును.

అసలు ఇది దేనికి గురుతు? గోదావరి డెల్టా గ్రామములలో కాటన్ దొర విగ్రహములు అనేకము లున్నవి. ధవళేశ్వరము ఆనకట్ట పని 1847లో మొదలై 1852 నాటికి ముగిసినది. ఆ దొర 1899లో ఇంగ్లండున కాలము చేసెను. ఆయనను కన్నులార చూచినవా డొక్కడును మిగులని కాలమున, పలుచోట్ల రైతులే చందాలు వేసికొని విగ్రహములు నెలకొల్పి, మే 15వ తేదీన జయంతికి దండలు వేయుచున్నారు. కాలువ నీరు చేలో పారుచుండగా, ఆ చందా ఎందుల కిచ్చితినని ఏ రైతు వగచును?

మనది మెట్ట. ఈ తోటలను మనకు నిలిపినది ఆనకట్ట గాదు, అంటు. టెంక పాతిన మొలకకు తల్లిచెట్టు గుణము నిలుచునను నమ్మకము లేదు. కుండలోని మొలకను తల్లిచెట్టు కొమ్మ చెంతకు చేర్చి, రెండింటి బెరడును చెక్కి, ఒకటిగా బిగించి కట్టి, అతుకుకొను వరకు నెలల తరబడి నీరుపోసి కాచిన తోటమాలుల చేతి చలువ వలననే ఒక చెట్టు రుచి వేయి తోటలకు ప్రాకినది. వారి పేర్లు మనకు తెలియవు. సిమెంటు పండ్లగుత్తి తిరునాళ్ల బొమ్మ వలె నుండును గాని, అంటు కట్టుచున్న రెండు చేతులను చెక్కించినచో మన తోటల కథ అందు నిలుచును. ప్రక్కనే నిజమైన చినరసపు అంటు నొకదానిని నాటినచో కొన్నేండ్లకు బాటసారికి నీడయు దొరకును. (కాయలను బడిపిల్లలు పండనీయక మునుపే కోసికొందురు, కోసికొననిండు.)

ఇక స్థలము. ప్రజల రాకపోకలకైన రోడ్లమీదను, కాలిబాటలమీదను విగ్రహములు గాని కట్టడములు గాని నిలుపుటకు అనుమతి నీయరాదని సుప్రీంకోర్టు 2013 జనవరి 18వ తేదీన రాష్ట్ర ప్రభుత్వముల నాదేశించినది. బాట చీలుచోట నడుమ తిన్నె కట్టుదమనుమాట కావున విడువవలసినదే. కోర్టు మాట యట్లుండగా, ఏప్రిలు మొదలు జూను వరకు ఆ మలుపున కాయల లారీలు ఎట్లు తిరుగునో ఎరిగినవాడు అచ్చట తిన్నె కట్టుమని యెట్లు చెప్పునో మాకు తెలియదు.

సొమ్ము మాట కొంత విపులముగా చెప్పవలసియున్నది. సంఘపు రిజర్వు నిధిని దీనికై తాకరాదు. నష్టము వచ్చిననాడు సంఘమును నిలబెట్టుటకే అది యున్నది. కాటా దగ్గర టన్నున కింతయని కోసికొనుట సులభమని కొందరందురు. ఈ సులభము మాకు సమ్మతము గాదు. తరుగు పేరిట ఎంత కాయ పోవుచున్నదో రైతునకు తెలియనిది గాదు. స్మారకము పేరిట మరియొక తరుగు పుట్టించినచో, ఆ చిహ్నమును చూచినప్పుడెల్ల అతనికి తరుగే జ్ఞాపకము వచ్చును. చందా ఇష్టపూర్వకముగా నుండవలెను, ప్రతి రూపాయికి రసీదు ఈయవలెను. కాయ అమ్ముడుపోయి చేతిలో డబ్బాడునప్పుడు అడుగవలెను గాని, మందులకు అప్పు తెచ్చు పూతకాలమున గాదు. పూతమీదనే తోటలు కొను వర్తకులును ఈ చెట్లవలన బాగుపడినవారే గనుక వారినడుగుటకు సిగ్గుపడ నక్కరలేదు. పాలరాతిమీద దాతల పేర్లను ఇచ్చిన మొత్తముల వరుసను చెక్కించు వాడుక మాకు రుచింపదు. నూరు రూపాయలిచ్చిన కౌలుదారు పేరును లక్ష యిచ్చిన ఆసామి పేరును అకారాది క్రమముననే యుండవలెను.

వసూలైన ప్రతి నాలుగు రూపాయలలో ఒక రూపాయిని రంగునకును, శుభ్రతకును, మొక్క నీటికిని సహకార బ్యాంకున డిపాజిటు చేయవలెనని మా సూచన. రెండు వర్షాకాలములు గడచునప్పటికి రంగు వెలసి, మెడలో ఎండిన దండతో, చుట్టును ఎన్నికల కాగితములతో నిలిచిన విగ్రహములను మనము ఎన్ని చూడలేదు!

రోడ్డు హద్దునకు వెలుపల అయిదు సెంట్ల నేల నిచ్చు దాత యెవరైన నున్నచో రాబోవు మహాజనసభకు ముందుగా కార్యదర్శికి తెలియజేయ వేడుచున్నాము. పంచాయతీ అనుమతికి అర్జీయు, ఖర్చు అంచనాయు ఆ స్థలమును చూచిన పిదపనే వ్రాయవచ్చును.