అడయారు మొగ

చెన్నపట్టణమునకు దక్షిణభాగమున అడయారు నది సముద్రమున కలియు చోటును వేలకొలది జనులు ప్రతిదినము వంతెనమీదినుండి చూచుచునే పోవుదురు. చూచియు దానినొక మురుగుమడుగుగా నెంచువారే పెక్కురు. మొగ విలువ పట్టణమునకు తెలియవచ్చునది వెల్లువ వచ్చిననాడు మాత్రమే. ఈ అలక్ష్యము తొలగవలెనన్న, ముందుగా ఆ స్థలముయొక్క స్వరూపమును చరిత్రమును ఎరుగుట యావశ్యకము.

అడయారు పెద్దనది కాదు. దాని నిడివి సుమారు 42 కిలోమీటర్లు. పడమటి చెరువుల మిగులునీరే దాని కాధారము. చెంబరంబాకము చెరువునుండి వెడలు నీరు తిరునీర్మలై ప్రాంతమున దీనితో చేరును. నందంబాకము, సైదాపేట, కొట్టూరుపురముల మీదుగా వచ్చి, శ్రీనివాసపురమునకును బెసెంటునగరమునకును నడుమ నీ యేరు సముద్రమున పడును. పడుటకు ముందు విశాలముగా పరచుకొనును. ఉత్తరపుదిక్కున నొక పాయ గుర్రపునాడావలె వంగి క్విబిల్ దీవిని చుట్టుకొనును. ఆటుపోట్లవలన ఇచ్చట మంచినీటికిని ఉప్పునీటికిని పొత్తు కలిగినది. మడచెట్లు, రొయ్యలు, పీతలు, చేపపిల్లలు, వానికై వచ్చు పక్షులు, వానిని నమ్ముకొన్న కుప్పముల బెస్తలు, అందరును ఈ పొత్తువలన బ్రదుకువారే.

తీరమువెంట అలలు తెచ్చు ఇసుక మొగకడ్డముగా మేటవేయును. వేసవిలో ఏటినీరు సన్నగిల్లగా ఆ మేటను త్రోయు శక్తి దానికుండదు, మొగ మూసికొనును. ఈశాన్యఋతుపవనముల వానలకు వెల్లువ వచ్చి మరల తెరచును. ప్రకృతి యేర్పరచిన క్రమమిది.

చరిత్రమున ఈ చిన్నయేటికి గల స్థానము చిన్నది కాదు. 1746లో ఫ్రెంచివారు చెన్నపట్టణమును పట్టుకొనగా, ఆర్కాటు నవాబు అన్వరుద్దీను తన కుమారుడగు మాఫూజ్ ఖానును సేనతో పంపెను. పుదుచ్చేరినుండి వచ్చిన పారడీ యొక్క దండు వేయిమందికి మించినది కాదు. నవాబుసేన దానికి పదిరెట్ల కెక్కుడు. అయినను ఆ చిన్నదండు ఏటిలో దిగి నడచి దాటి, ఎదురుగట్టుననున్న మహాసేనను చెదరగొట్టెను. కవాతు నేర్చిన కొద్దిమంది పెద్దసేన నోడింపగలరని ఐరోపావారికి ధైర్యము కలిగినది ఈ గట్టుననే. తరువాతి రెండువందల ఏండ్ల దేశచరిత్రమున కిది యొక పీఠిక యనవచ్చును.

యుద్ధముకంటె మేలైన జ్ఞాపకములును కలవు. 1726లో అర్మీనియా వర్తకుడగు పెట్రస్ ఉస్కాను తన ధనముతో సైదాపేటవద్ద వంతెన కట్టించెను. 1882లో దివ్యజ్ఞానసమాజమువారు దక్షిణపుగట్టున స్థిరపడి, నాడు నాటిన తోపులను నేటికిని కాపాడుచున్నారు. 1876-78 నాటి దారుణక్షామమున అన్నార్తులచే త్రవ్వించిన కాలువయే అడయారును కూవమునదితో కలిపినది. ఆ బకింగుహాము కాలువవెంటనే శ్రీహరికోట వంటచెరకు, నెల్లూరుసీమ సరకులు పడవలమీద పట్టణమునకు చేరెడివి. దుర్గాబాయమ్మగారు 1937లో స్థాపించిన ఆంధ్రమహిళాసభయు ఈ వంతెనకు సమీపముననే వెలసినది. కావున చెన్నపురి యాంధ్రులకు ఈ యేరు పరాయిది కాదు.

ఇట్టి నదికి మనము చేసిన మర్యాద యేమి? పట్టణపు మురుగును దానిలోనికి విడిచితిమి. కాలువగర్భమున రైలుమార్గపు స్తంభములు నిలిపితిమి. విమానాశ్రయపు రెండవ పరుగుబాటను ఏటిమీదుగానే సాగదీసితిమి. 2015 డిసెంబరు మొదటి దినములలో, చెంబరంబాకమునుండి సెకండునకు 29,000 ఘనపుటడుగుల నీరు విడువబడెనని ప్రభుత్వమువారే ప్రకటించిరి. దారిలోని వాననీరును దానికి తోడైనది. సైదాపేట, కొట్టూరుపురము మునిగినవి, విమానాశ్రయము మూతపడినది. చెరువు తెరచిన వేళనుగూర్చి వాదప్రతివాదములు చెలరేగినవి. ఏటికి పరచుకొనుటకు చోటెందుకు లేకపోయెనను ప్రశ్నకు అంత ప్రాముఖ్యము దొరకలేదు.

పిమ్మట గట్టులమీది పేదల గుడిసెలను తొలగించి, వేలకొలది కుటుంబములను దూరమున పెరుంబాకమువంటి చోట్లకు తరలించిరి. అపాయస్థలమున ఎవరును నివసింపరాదనుట నిజమే. కాని గుడిసెను ఆక్రమణమనియు, మేడను అభివృద్ధియనియు పిలుచు న్యాయము మాకు బోధపడదు. వెల్లువకు ఈ భేదము తెలియదు.

బాగుచేయుట అసాధ్యము కాదు. శిథిలములతోను చెత్తతోను చెడియుండిన పాయలో 58 ఎకరములను శుభ్రపరచి, 2011లో తొల్కాప్పియర్ పేర నొక ఉద్యానము తెరచిరి. నీరు నిలిచినది, మడమొక్కలు నాటుకొన్నవి, పక్షులు మరల వచ్చినవి. అయితే మొగ కడుపునింపునది పైనుండి వచ్చు నీరు. వానకాలమునకు ముందు ఇసుకమేటను యంత్రములతో త్రవ్వుట అవసరమే గాని, అది రోగమునకు మందు కాదు, తాత్కాలికోపశమనము మాత్రమే. ఎగువ చెరువులు పూడిపోక నిలువవలెను; మురుగు శుద్ధిపొందకుండ ఏటిలో పడరాదు; ఏటికి దాని వెడల్పును విడిచిపెట్టవలెను. ఈ మూడును కలిసి జరుగనిచో ఏటేట త్రవ్వినయిసుక ఏటేట తిరిగి వచ్చుచుండును.

ఏరు తనకు కావలసిన చోటును అర్జీ పెట్టుకొని అడుగదు, వచ్చి తీసికొనును. అట్లు తీసికొనకమునుపే మనముగా విడుచుట వివేకము. ప్రభుత్వమువారును పౌరులును ఈ సంగతిని వెల్లువ లేని దినములలోనే ఆలోచింతురుగాక.